సాంచాల షెడ్డులో నీళ్లు

పోయిన నెల కోరుట్లలో ఒక టైల్స్ దుకాణం ముందు కూర్చుని ఒక ఇంటావిడ కోసం ఎదురుచూస్తున్నాను. ఆమెకు బాత్రూంలోకి అద్దంలా మెరిసే టైల్సే కావాలి. జారిపడతారమ్మా అంటే, మా ఇంట్లో జారే మనుషులు లేరు సార్ అని నా నోరు మూయించిన మనిషి. ఆమె వచ్చేలోపు దుకాణం ఆయన నాకు చాయ్ తెప్పించాడు. తను కూడా స్టూలు లాక్కుని కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"సార్, గా నీళ్లు పోసి సూసెటాయన ఎట్లున్నడు?"

"పోయిండు," అన్నాను. "మొన్న చలికాలంల పోయిండు."

దుకాణం ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మా టైలును రోడ్డు మీద పెట్టి పరీక్ష చేసినోడు ఆయన ఒక్కడే సార్," అన్నాడు.

నిజమే. ఆ దుకాణానికి మూడు మెట్లు. ఆయనది చక్రాల కుర్చీ, మెట్లెక్కదు. లోపలికి ఎత్తుకుపోతామని పనివాళ్లిద్దరు ముందుకొస్తే ఆయన కుర్చీకి బ్రేకు వేసుకుని కూర్చున్నాడు. ఇక ఏనుగొచ్చినా ఆ కుర్చీ కదలదు. టైల్స్‌నే ఒక్కొక్కటిగా బయటికి తెచ్చి ఎండలో నేలమీద పరిచారు. ఆయన తన సీసాలోని నీళ్లు ఒక్కోదాని మీద పోసి, జేబులోంచి సబ్బుముక్క తీసి రుద్ది, కుర్చీలోంచి వంగి, అరచెయ్యి దాని మీద మోపి తన ఒంటి బరువంతా వేసి ముందుకు తోశాడు. చెయ్యి జారితే "గిది వద్దు" అన్నాడు. పదకొండో టైలు మీద చెయ్యి నిలబడింది. అది దుకాణంలో అన్నింటికన్నా అనాకారి టైలు, ఎవరూ కొనక మూలకు పడేసినది. "గిదే నా పిల్ల" అన్నాడు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా.

తిరిగొస్తుంటే ఆటోలో నేను సానుభూతి ఒలకబోశాను. అన్నా, నిన్ను ఎండలో కూర్చోబెట్టాను, మెట్లు లేని దుకాణం చూడవలసింది అని. ఆయన నవ్వాడు. "నేను ఏ దుకాన్లకు పోను సారు. దుకాన్లే నా కాడికి అస్తయ్, రాజు లెక్క."

నవ్వితే ఆయన పెదాలు చిట్లేవి. ఎప్పుడు చూసినా ఎండిపోయి ఉండేవి. బయటికి వచ్చిన రోజున ఆయన గుక్కెడు నీళ్లు కూడా తాగడని నాకు చాలా రోజులకు తెలిసింది. సీసా నిండా నీళ్లు ఒళ్లో పెట్టుకుని టైల్స్‌కు పోస్తాడు, తను తాగడు. ఎందుకన్నా అంటే "నీళ్లు తాగితే నీళ్లకు తొవ్వ గావాలె గదా" అన్నాడు. కోరుట్ల బస్టాండు నుంచి సిరిసిల్ల దాకా ఆయన కుర్చీ పట్టే మూత్రశాల ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్లుగా కట్టడాలు గీస్తున్న నేను ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

నేను జగిత్యాలలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. డిప్లొమా చదివినవాణ్ని, సారు అంటే పొంగిపోయేవాణ్ని, ఎవరైనా నా గీతను తప్పుపడితే మొహం మాడ్చుకునేవాణ్ని. సిరిసిల్ల నుంచి ఫోనొచ్చినప్పుడు ఎవరో ఆసామి గోదాము కట్టుకుంటాడేమో అనుకున్నాను. సొంత సాంచాలున్నవాణ్ని అక్కడ ఆసామి అంటారు. సాంచా అంటే మరమగ్గం. తీరా పోయి చూస్తే ఖాళీ రేకుల షెడ్డు, అందులో చక్రాల కుర్చీలో ఒక మనిషి. ఎనిమిది సాంచాలూ పాత ఇనుముకు పోయాయి. అవి బిగించిన బోల్టుల గుంటలు నేలలో అట్లాగే ఉన్నాయి, గుంటల చుట్టూ నూనె మరకలు. ఆయన ఒక్కో గుంట పక్కనుంచి కుర్చీ తిప్పుకుంటూ "గిది నా మూడోది, మొండిది, పోగు తెంపేది. గిది ఆరోది, బంగారం" అని పరిచయం చేశాడు. వీధిలో ఇంకా ఒకటి రెండు షెడ్లు నడుస్తున్నాయి. ఆ చప్పుడు వినబడుతూనే ఉన్నా ఆయన గట్టిగా అరిచినట్టే మాట్లాడేవాడు. జీవితమంతా సాంచాల చప్పుడు మీదుగా మాట్లాడినవాళ్ల గొంతు అది. ఇంకెవరూ లేని షెడ్డులో ఆ గొంతు రేకులకు తగిలి తిరిగి వచ్చేది.

"గీండ్ల ఒక నీళ్ల తొట్టి కట్టాలె," అన్నాడు. "ఈతకొట్టేది. పక్కపొంటి వేడినీళ్లది ఒకటి. నా అసొంటోళ్లు దిగెటట్టు."

ఎవరైనా చెయ్యి పడిపోయినవాళ్లో, నడుము విరిగినవాళ్లో వాళ్లంతట వాళ్లే నీళ్లలోకి దిగాలి. అది ఆయన కోరిక. అందులో ఆయన లెక్క ఆయనకుంది. దారం చుట్టిన ఇనుప రోలును భీము అంటారు. దాన్ని భుజాన మోస్తూ మెట్టు మీద జారి నడుము విరిగింది. తర్వాత హైదరాబాదులో ఏదో దవాఖానలో వ్యాయామం కోసం ఒకసారి నీళ్లలోకి దింపారట. "నలుగురు వట్టుకొని బస్తా లెక్క ఏసిండ్రు. ఏసినంక, సారు, ఒళ్లు లేదు. బరువే లేదు. నాకు కాళ్లు పోయినయన్న సంగతే యాదిల లేకపాయె. మల్ల నలుగురు వట్టుకొని బస్తా లెక్క తీసిండ్రు." ఒక నిమిషం తన అరచేతులు చూసుకున్నాడు. చక్రాలు తోసి తోసి కాయలు కాసిన చేతులు. "మల్లొక్కసారి గా నీళ్లల్ల ఉండాలె. గని ఎవ్వలు ఎత్తద్దు."

సాంచాలు పోయాయి, భార్య ఎప్పుడో పోయింది, తమ్ముడు భీవండిలో స్థిరపడ్డాడు. రెండు వీధుల అవతల ఉండే చెల్లెలు మధ్యాహ్నం టిఫినుడబ్బా తెచ్చిపెట్టి పోతుంది. ఊరి చివర ఒక ప్లాటుంటే ఈ ఖర్చు కోసం అమ్మేశాడు. ఇక ఆయనకు మిగిలింది ఆ షెడ్డు, దాని వెనక ఇల్లు, ఆ కోరిక.

నేను ఇంటర్నెట్టులో చూసి, వారం కష్టపడి ప్లాన్లు గీసుకుపోయాను. నీలం నీళ్లు, మధ్యలో ఫౌంటెను, మూలన మసక వెలుతురు గది. దానికి స్పా అని రాశాను. ఆయన కాగితాలు ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూశాడు.

"స్పా అంటే ఏంది?"

"వేడినీళ్లల్ల కూసునుడన్నా. ఒళ్లు పట్టించుకునుడు."

"గంతేనా. మా అవ్వ గంజుల నీళ్లు కాగవెట్టి చేసింది గదే."

ఆ తర్వాత వేలు కాగితం మీద పెట్టి అడిగాడు. "గిండ్ల నేనెక్కడున్న?"

వీధిలోంచి షెడ్డులోకి నేను గీసిన వాలుబాటను గర్వంగా చూపించాను. "ఇంట్ల దాక తెచ్చినవ్, మంచిదే," అన్నాడు. "నీళ్లల్లకి ఎట్ల?"

నీళ్లలోకి ఇనుప నిచ్చెన గీశాను. అన్ని ఈతకొలనులకూ ఉంటుంది, నా కొలనుకూ ఉంది. అది ఎవరి కాళ్ల కోసమో నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. సిగ్గు పడాల్సింది పోయి కోపం తెచ్చుకున్నాను. అందరూ ఇట్లాగే కడతారన్నాను. ఆయన మూలనున్న తన పాత కుర్చీ చూపించి "కూసో" అన్నాడు. కూర్చున్నాను. "గిప్పుడు వీధిల కిరాణ దుకాన్లకు పోయి అగ్గిపెట్టె తే."

అగ్గిపెట్టె తేవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెబితే నా పరువు పోతుంది. షెడ్డు గుమ్మం ముందు మురికికాలువ మీద బండ కొంచెం లేచి ఉంది. అది నేను చూడకుండానే దాటొచ్చిన బండే, ఇప్పుడు కొండయింది. వీధిలో ఎవరో వెనకనుంచి వచ్చి కుర్చీ పట్టుకుని తోశారు. అడగకుండా, చెప్పకుండా. సామాను తోసినట్టు. ఒళ్లు మండింది నాకు. చేతులు పీకుతుండగా తిరిగొస్తే ఆయన చాయ్ తాగుతూ కూర్చున్నాడు. అగ్గిపెట్టె తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆయన బీడీ కూడా తాగడు.

ఎవరైనా తన కుర్చీ పట్టుకుంటే ఆయన ఎందుకు బ్రేకు వేసి "ఇడువు" అంటాడో అప్పటినుంచి నాకు తెలుసు. పెద్దవాళ్లకూ పిల్లలకూ అదే మాట. విసుగు ఉండదు అందులో, బతిమాలడమూ ఉండదు. ఇడువు బిడ్డా, ఇడువు.

కొలను ఎట్లా కట్టాలన్నది తేలడానికి రెండు నెలలు పట్టింది. పాత షెడ్డు. స్తంభాల పునాదులు లోతు లేవు. రెండడుగులకన్నా తవ్వితే స్తంభం కదులుతుంది, పక్కింటి గోడ కూడా నమ్మదగింది కాదు. ఇది కుదరదన్నా, ఊరి బయట ఎక్కడైనా జాగ చూసి కొత్తగా కట్టుకో అని చెప్పడానికే ఒక రోజు పోయాను. చెప్పాను. ఆయన విన్నాడు. కుర్చీకి ఎప్పుడూ ఒక పడుగు దారం వేలాడుతుండేది, జానకొక ముడి వేసినది. అదే ఆయన టేపు. నా లేజరు మీటరును చూసి "బొమ్మ మంచిగున్నది" అనేవాడు. ఆ దారాన్ని తీసి నేల నుంచి తన కుర్చీ సీటు దాకా పట్టాడు. రెండు జానలు.

"కిందికి పోనియ్యకుంటే మీదికి లేపు సారు. రెండు జానల గోడ. అరుగు లెక్క. నేను కుర్చీలకెల్లి అరుగు మీద కూసుంట. కూసొని కాళ్లు అటు ఏసుకుంట. గంతే గదా."

అంతే. రెండడుగుల తవ్వకం, పైన అడుగున్నర గోడ. లోపల మూడున్నర అడుగుల లోతు. పునాదులకు భయం లేదు, ఆయన దిగడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నాకు దొరకని జవాబు అంత ఎత్తు కుర్చీలో అన్నేళ్లు కూర్చున్నవాడికి దొరికింది. దిగడం సరే, ఎక్కడం ఎట్లా అన్నాను, ఓడిపోవడం ఇష్టం లేక. మర్నాడు పోయేసరికి ఇటుకలు పేర్చి మూడు గట్లు కట్టించుకున్నాడు, ఒకదానికన్నా ఒకటి జానెడు ఎత్తు. నేల మీద కూర్చుని, అరచేతులు వెనక్కి మోపి, ఒళ్లంతా ఎత్తి మొదటి గట్టు మీద పెట్టాడు. తర్వాత రెండోది. మూడోది. చొక్కా చెమటకు ముద్దయింది. "నీళ్లల్ల గింత బరువుండది," అన్నాడు ఎగపోస్తూ. నీళ్ల లోపల ఆ గట్లు అట్లాగే కట్టాం. కొంచెమైనా నిలబడగలిగినవాళ్ల కోసం రెండు వైపులా కడ్డీలున్న మెట్లు వేరుగా. కడ్డీ ఒకటి సరిపోదా అంటే ఆయన "పట్టుకునుడు చేతి కోసం గాదు సారు, బుగులు కోసం" అన్నాడు. బుగులంటే భయం.

వేడినీళ్ల తొట్టి దగ్గర మాత్రం నన్ను నమ్మలేదు. హీటరుకు ఎంత వేడి దాకా పోవాలో మీట పెడతాను, దాటదు అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి, మళ్లీ అడిగేవాడు. ఒక రోజు ధోవతి కొంచెం పక్కకు జరిపి మడమ చూపించాడు. పెద్ద మచ్చ. వేడి బకెట్టు పక్కన కాలు ఆనిందట. కమురు వాసన వస్తే వంటింట్లో ఏదో మాడుతోందనుకున్నాడు. "నా కాలు కాలుతుంటే నాకే ఎర్కలేదు. అందుకే నీ మిషిన్ తోటి పాటు మోచెయ్యి వెట్టి సూడాలె. చంటిపోరల నీళ్లు సూసినట్టు." తొట్టి అంచును ఆయన మోచేతికి అందేంత ఎత్తులోనే కట్టాం.

ఆ రోజుల్లో ఆయన నాకు దినం తప్పకుండా ఫోన్ చేసేవాడు. బీర్పూర్‌లో స్లాబు పోస్తుంటే ఫోను. ముత్యంపేటలో గోడకు కొలతలు తీస్తుంటే ఫోను. "సారు, గా మూలకు టైలు సగం ముక్క వెడ్తరా, నిండుది వెడ్తరా?" నిన్ననే చెప్పిన కదన్నా అనేవాణ్ని. "అవునవును" అని, కాసేపు ఆగి, "తిన్నవా?" అని అడిగేవాడు. తిన్నానని పెట్టేసేవాణ్ని. ఆయన టైలు గురించి కాదు ఫోన్ చేస్తున్నదని అప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసే పెట్టేసేవాణ్ని.

ఇక గడప సంగతి.

బట్టలు మార్చుకునే గదికీ కొలనుకూ మధ్య ఒక తలుపు కావాలి. రుద్రంగిలో నాకు తెలిసిన వడ్రంగి ఉన్నాడు, వడ్లాయన అంటాం, చేతిపని దిట్టంగా ఉంటుంది. కొలతలిచ్చి, నేలకు సమానంగా ఉండాలని కాగితం మీద గీసిచ్చి, నేను వేరే పని మీద పడ్డాను. నాలుగు రోజులకు సిరిసిల్ల పోతే తలుపు చట్రం నిలబెట్టేశారు. టేకుది. కింద మూడంగుళాల గడప. దానికి పసుపు, కుంకుమ బొట్లు, పైన మామిడాకులు. కొబ్బరికాయ కొట్టిన తడి ఇంకా ఆరలేదు. గడప ముందు ఆయన కుర్చీ ఆగి ఉంది.

నేను వడ్లాయన మీద విరుచుకుపడ్డాను. కాగితం చదవలేదా, కళ్లు లేవా, ఇది ఎవరి కోసం కడుతున్నామో తెలియదా అని. వడ్లాయన నాకన్నా పెద్దవాడు, నెమ్మదిగా సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

"గడప లేని దర్వాజ నేను నా చేతులతోటి నిలవెట్టలే సార్. మా తాత గూడ నిలవెట్టలే. ముహూర్తం సూసి, కింద నవరత్నాలేసి పెట్టిన. దాన్ని కొయ్యమంటే కొయ్య. ఇంకోణ్ని సూసుకోండ్రి."

"ఆయన్ని అంటవేంది సారు," అన్నాడు మా మనిషి. "నేనే పెట్టుమన్న."

నేను వంగి ఆ బొట్లు చూశాను.

"వడ్లాయన అడిగిండు, గడప ఎంత ఎత్తు అని. మూడంగులాలు అన్న. అందరి ఇండ్లకు గంతే ఉంటది గదా. బొట్లు గూడ నేనే వెట్టిన, వంగి. మంచిగనిపిచ్చింది. కొబ్బరికాయ కొట్టినంక లోపలికి పోదామని చక్రం తిప్పిన." గడపకేసి చూశాడు. "అప్పుడు యాదికచ్చింది."

అన్నేళ్లు కుర్చీలో ఉన్న మనిషి. టైలు మీద సబ్బు రుద్దినవాడు, జాన జానకూ దారం పట్టినవాడు. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్లున్న మనిషైపోయాడు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ పైకి కనిపించాయనుకుంటాను. కోసి పారేద్దాం, దీనికింత ఆలోచనేంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కుర్చీ తిప్పుకుని ఆరో సాంచా ఉండిన చోటికి పోయి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

పది రోజులు పని ఆగింది. నా ఫోను కూడా మోగలేదు. మొదట హాయిగా ఉంది. తర్వాత మధ్యాహ్నం పూట ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాను. పదకొండో రోజు బస్సెక్కి పోయాను.

వీధి మొదట్లో చెల్లెలు ఎదురైంది, చేతిలో టిఫినుడబ్బా. నన్ను అక్కడే గోడ నీడకు పిలిచి చెప్పింది.

"సారు, మీకు తెల్వది. షెడ్డు వెనక ఉన్న ఇంటికి గడప లేదు, సూసిండ్రా? అన్న పడ్డ యేడు మా వదినె తీసేసింది. గడ్డపార వట్టుకొని తనే పెకిలిచ్చింది. వడ్లోళ్లెవరు రామన్నరు. గడప తీసిన ఇంట్ల ఆడిది నిలువదని వాడకట్టంత అన్నరు. అంటే అననియ్యి, నా మొగడు పొద్దుగాల్ల బయట కూసొని చాయ్ తాగాలె అన్నది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మల్ల యేడుకు కామెర్లయి పోయింది. అన్న గా మాట ఎన్నడు ఎత్తలే. నమ్మడు గసొంటియి. గని గడప అంటే ఆగిపోయిండు."

నేను ఆమె వెంట లోపలికి పోయాను. చెల్లెలు డబ్బా తెరిచి అన్నం పెట్టింది. ఆయన ముద్ద కలుపుతున్నాడు, తినడం లేదు. ఆమె కొంచెంసేపు చూసి, గడప దగ్గరికి పోయి కూర్చుంది.

"అన్నా, ఒకటడుగుత చెప్పు," అంది. "మనం పసుపు పూసేది కట్టెకా, ఎత్తుకా?"

ఆయన తల ఎత్తాడు.

"కట్టెకే అయితె, కట్టెను నేలల దింపుమను. పసుపు నేను వారం వారం అచ్చి పూస్త. వదినె గూడ గిప్పుడుంటే గదే అంటుండె. ఆమెకు గంత ఆలోచన జేసే యాల్ల లేకుండె."

ఆయన ఆ ముద్ద తిన్నాడు. పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, నా వైపు తిరిగి "వడ్లాయనకు ఫోన్ చెయ్యి" అన్నాడు. వడ్లాయన ఫోన్లో వివరం విని, చాలాసేపు గొణిగి, గడప ఉన్నట్టే లెక్కా కాదా అని ఎవరినో పెద్దమనిషిని అడిగి, మర్నాడు వచ్చాడు. చట్రం ఊడదీసి, నేల కోసి, గడపను నేలకు సమానంగా దింపాడు. తడికి ఉబ్బకుండా సాంచాలకు పోసే నూనె మూడు పూతలు పట్టించమన్నాడు. ఆ డబ్బా మాత్రం మా మనిషి ఇంట్లో ఇంకా ఉంది. ఆ నూనె తనే పూశాడు. కుర్చీ దాని మీదుగా వెళ్లింది, వచ్చింది. వడ్లాయన చూసి "గిట్ల గూడ మంచిగనే ఉన్నది" అని ఒప్పుకున్నాడు, మొహం గంటు పెట్టుకునే.

కొలను నిండాక ఆయన బతికిన ఏడాదిన్నరలో చాలామందే వచ్చారు. పక్షవాతం వచ్చిన భర్తను కోరుట్ల నుంచి ఒకామె తెచ్చేది. రుద్రంగి నుంచి ఒక కూలీ తల్లి, ఆదివారం చర్చి అయ్యాక, నడవలేని బిడ్డను వెంటబెట్టుకొచ్చేది. ఆ పిల్ల నీళ్లలో తేలుతూ అమ్మను పేరు పెట్టి పిలిచేదట. ఆయన తొట్టి పక్కన కుర్చీలో కూర్చుని, మోచెయ్యి ముంచి చూసి, "ఆ, గిప్పుడు దిగుండ్రి" అనేవాడు. తను మాత్రం వాళ్లున్నప్పుడు దిగేవాడు కాదు. అందరూ పోయాక, మిట్టమధ్యాహ్నం, చెల్లెలు డబ్బా తెచ్చేలోపు ఒక్కడే దిగేవాడని తర్వాత ఆమే చెప్పింది. చలికాలంలో, కుర్చీలో కూర్చుని కూర్చుని వీపు కింద పడిన పుండు చీము పట్టి జ్వరమొచ్చింది. నాలుగు రోజులే. నాకు కబురు ఆయన పోయి, మూడో రోజు తంతు ముగిశాక అందింది. ఆమె ఫోనులో ఏడవలేదు. సారు, మీ నంబరు అన్న ఫోన్ల అందరికన్నా మీద ఉండె, నేనే సూసుకోలేదు అంది.

ఇంతవరకూ చెప్పిందంతా నాకు మంచి పేరు తెచ్చే కథే. ఎవరైనా అడిగితే ఇక్కడి దాకానే చెబుతాను. కొలను నిండిన మొదటి రోజు సంగతి చెప్పను.

ఆ రోజు ముగ్గురమే ఉన్నాం. నీళ్లు నిండి నిలకడగా ఉన్నాయి, ఆ అనాకారి టైలు నీళ్ల కింద బాగానే కనిపిస్తోంది. ఆయన లుంగీ, బనీనుతో సిద్ధమయ్యాడు. "ఇద్దరు బయటికి పోండ్రి," అన్నాడు. చెల్లెలు బయటికొచ్చి ఇంటికి పోయింది, అక్కడ ఉంటే చూడకుండా ఉండలేనని. నేను తలుపు ఇవతల నిలబడ్డాను. బ్రేకు వేసిన చప్పుడు వినిపించింది. అరచేతులు గోడ మీద పడిన చప్పుడు. ఒక మూలుగు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తలుపు మీద చెయ్యి పెట్టి, తోయకుండా ఉండడానికి నన్ను నేను పట్టుకున్నాను. అప్పుడు నీళ్లు కదిలాయి. పెద్ద చప్పుడు కాదు, మనిషి బరువు నీళ్లలోకి మెల్లగా దిగే చప్పుడు.

అట్లా ఎంతసేపైందో. నాకైతే ఆ గోడలనూ గట్లనూ నేనే కన్నట్టు గర్వంగా ఉంది. ఆ తర్వాత లోపలినుంచి పిలిచాడు. పోయాను.

ఛాతీ దాకా నీళ్లలో ఉన్నాడు, ఒక చెయ్యి కడ్డీ మీద. మొహం తడిసి ఉంది.

"ఎట్లున్నదన్నా?" అన్నాను.

"మంచిగున్నది. ఎవ్వలు ఎత్తలే." చుట్టూ చూశాడు, నీళ్లనూ, షెడ్డునూ. "గని ఒక్కనికి మస్తు పెద్దగైంది, తమ్మీ. రా, నువ్వు గూడ దిగు."

అన్ని నెలల్లో నన్ను తమ్మీ అనడం అదే మొదలు. బట్టలు తేలేదన్నాను. "నా లుంగి ఉన్నది, గా కొక్కానికి." ఈత రాదన్నాను. "నాకచ్చునా? కూసో, గట్టు మీద." నా చేతులు చొక్కా గుండీల దాకా పోయాయి కూడా.

అప్పుడు ఆయన కాళ్లు చూశాను. లుంగీ పైకి తేలిపోయింది. తెల్లగా, సన్నగా, రెండు కాళ్లూ ఆయనతో సంబంధం లేనట్టు నీళ్ల మీద అటూ ఇటూ కదులుతున్నాయి. ఆ కాళ్ల కోసం గోడ ఎత్తు గీశాను, గట్లు గీశాను, వేడి ఎంతుండాలో లెక్కగట్టాను. వాటితో ఒకే నీళ్లలో కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు. గుండీల మీది చేతులు దించేశాను. ఆయన నా చూపు ఎటు పోయిందో చూశాడు. చూసి, తడి లుంగీని చేత్తో కిందికి అదుముకున్నాడు.

"జగిత్యాలల అర్జంటు పనున్నదన్నా, మల్లొచ్చినప్పుడు దిగుత," అన్నాను.

"సరే. పని సూసుకో," అన్నాడు.

బస్టాండుకు గబగబా నడిచి, దొరికిన మొదటి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు నాకు జగిత్యాలలో ఏ పనీ లేదు.